మందబలానికి విరుగుడు

2008 నవంబరులో ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ ఆటలోకి వింటర్‌గ్రాస్ప్ అనే మంచు మైదానం వచ్చి చేరింది. నడిమధ్య ఒక కోట. ఆ ఆటలో రెండే పక్షాలు: అలయన్స్, హోర్డ్. ఒక పక్షం కోటను కాపాడుకుంటుంది, రెండోది గోడలు కూల్చి లోపలికి దూసుకుపోవాలని చూస్తుంది. కొన్ని గంటలకోసారి యుద్ధం. గెలిచినవాళ్లకు కోటలోని ఖజానా తలుపులు తెరుచుకుంటాయి. చిక్కంతా హాజరు దగ్గరే వచ్చింది. కొన్ని సర్వర్లలో అలయన్స్ జనం కిటకిటలాడుతుంటే హోర్డ్ తరఫున గుప్పెడు మంది ఉండేవారు. మరికొన్నింట్లో లెక్క తిరగబడేది. అందుకని ఆట రూపొందించిన బ్లిజార్డ్ సంస్థ తక్కువమంది ఉన్న పక్షానికి ‘టెనాసిటీ’ అనే బఫ్ (తాత్కాలికంగా వచ్చే అదనపు బలం) ఇచ్చింది. అవతలి గుంపు ఎంత పెద్దదైతే ఇవతలి మనిషి ప్రాణం అంత గట్టిపడుతుంది, కొట్టే దెబ్బ అంత బరువెక్కుతుంది. ఆ స్థితిలో నిలబడి పోరాడినందుకు హానర్ పాయింట్లు కూడా ఎక్కువే. నలుగురైదుగురు ఒకేసారి మీదపడ్డా కూలని ఒంటరి యోధుడు ఎదురొస్తుంటే గుంపంతా చెల్లాచెదురయ్యేది.

ఇంత తాపత్రయం ఎందుకంటే, ఇలాంటి ఆటల్లో కంపెనీ నిజానికి అమ్మేది ప్రత్యర్థిని. కోటలు, గుర్రాలు, మంత్రాలు కంప్యూటర్‌తో ఎన్నయినా పుట్టించవచ్చు. మనిషిలా పొరపాట్లు చేసి, మనిషిలా పగబట్టే శత్రువును మాత్రం ఇంకో చందాదారుడే అందించాలి. ఒక పక్షం ఖాళీ అయిపోతే ఓడినవాళ్లతో పాటు గెలిచినవాళ్లకూ ఆట చప్పబడుతుంది. కోట మీదికి దండెత్తి వచ్చి, అడ్డుకునే దిక్కు లేక, గేటు దగ్గర నిలబడి కబుర్లు చెప్పుకోవాల్సి వస్తుంది. తక్కువ ఉన్న వైపుకు మనుషుల్ని రప్పించడమెలా, ఉన్నవాళ్లను నిలుపుకోవడమెలా అని ఆటల రూపకర్తలు ఇరవై ఏళ్లకు పైగా కుస్తీ పడుతున్నారు. తాయిలం చిన్నదైతే ఎవరూ కదలరు. పెద్దదైతే తాయిలం కోసమే కదులుతారు, యుద్ధం కోసం కాదు. ఈ రెండింటి మధ్య సందు చాలా ఇరుకు.

తూకం చెడడానికి మొదటి కారణం రుచి. 2004లో వార్‌క్రాఫ్ట్ మొదలైనప్పుడు హోర్డ్‌లో ఓర్క్‌లు, ట్రోల్‌లు, ఎద్దు తలల టారెన్‌లు, నడిచే శవాలు ఉండేవి. అలయన్స్‌లో మనుషులు, ఎల్ఫ్‌లు. నెలల తరబడి వెనకనుంచి చూస్తూ నడిపించాల్సిన బొమ్మ కాస్త చూడముచ్చటగా ఉండాలని చాలామంది అనుకున్నారు, చాలా సర్వర్లలో అలయన్స్ ఉబ్బిపోయింది. 2007 జనవరిలో విడుదలైన ‘ద బర్నింగ్ క్రూసేడ్’ విస్తరణలో హోర్డ్‌కు బ్లడ్ ఎల్ఫ్‌లనే కొత్త జాతి దొరికింది. నాజూకు రూపం, పొడవాటి చెవులు, కాస్త పొగరు. హోర్డ్ జనాభా పుంజుకుంది. బోనస్ పాయింట్ల పట్టికలు వేసుకుని కూర్చునే రూపకర్తలు ఈ ఉదంతాన్ని తరచూ మరిచిపోతుంటారు.

రెండో కారణం లెక్కల మనుషులు. ఓర్క్ జాతికి పుట్టుకతోనే దెబ్బకు కొయ్యబారిపోకుండా తట్టుకునే గుణం ఉంది. శవజాతికి భయపెట్టే మంత్రాలను విదిలించుకునే శక్తి ఉంది. మనుషులతో మనుషులు పోరాడే ఆటలో ఇవి బంగారం. గెలుపే ముఖ్యమనుకునే ఆటగాళ్లు హోర్డ్ వైపు మొగ్గారు. వాళ్లను చూసి ఇంకొందరు, ఆ ఇంకొందరి స్నేహితులు మరికొందరు.

అక్కణ్నుంచి మూడో కారణం, అన్నిటికన్నా మొండిది, తనంతట తానే పనిచేయడం మొదలుపెడుతుంది. అమెరికన్ ఆర్థికవేత్త థామస్ షెల్లింగ్ 1971లో గళ్ల బోర్డు మీద రెండు రకాల నాణేలు పేర్చి ఒక ఆట ఆడాడు. ప్రతి నాణెం కోరికా చాలా చిన్నది: చుట్టుపక్కల గళ్లలో దాదాపు మూడో వంతు తనలాంటివి ఉంటే చాలు. లేకపోతే లేచి వేరే గడికి వెళుతుంది. ఎవరికీ ఎదుటి రకం మీద ద్వేషం లేదు. అయినా కొన్ని కదలికల్లోనే బోర్డు రెండు రకాల పేటలుగా విడిపోయింది. అమెరికా నగరాల్లో తెల్లవాళ్లూ నల్లవాళ్లూ వేరువేరు పేటల్లో బతకడం ఎలా మొదలవుతుందో చూపడానికి ఆయన చేసిన ప్రయోగం అది. 2005లో ఆయనకు నోబెల్ వచ్చింది, ప్రధానంగా వేరే కృషికి. పాత వార్‌క్రాఫ్ట్‌ను ‘క్లాసిక్’ పేరుతో 2019 ఆగస్టు 27న మళ్లీ తెరిచినప్పుడు షెల్లింగ్ బోర్డు సర్వర్ల మీదికి ఎక్కింది. నవంబరులో హానర్ పాయింట్ల వ్యవస్థ మొదలవగానే తక్కువమంది ఉన్న పక్షం వాళ్లు ఊరు దాటి బయటికి రాలేకపోయారు. పడవ దిగితే చావు, గుహ దగ్గరికి వెళితే చావు. కాస్త తక్కువ ఉన్నవాళ్లు విసిగిపోయి తమ పక్షం బలంగా ఉన్న సర్వర్లకు బదిలీ అయ్యారు. వాళ్లు వెళ్లడంతో మిగిలినవాళ్లు ఇంకా తక్కువయ్యారు. నలభై, అరవై నిష్పత్తి దగ్గర మొదలైన సర్వర్లు కొన్నేళ్లలో దాదాపు పూర్తిగా ఒకే పక్షానికి దక్కాయి.

నలభై, అరవై అంటే వినడానికి పెద్ద తేడాలా ఉండదు. అది ఎంత ప్రాణాంతకమో చెప్పే సూత్రం మొదటి ప్రపంచ యుద్ధం నాటిది. ఫ్రెడరిక్ లాంచెస్టర్ అనే బ్రిటిష్ ఇంజనీరు మోటారు కార్లు తయారుచేసేవాడు, విమానాల మీద పుస్తకాలు రాసేవాడు. 1914లో రాసిన వ్యాసాలను 1916లో పుస్తకంగా తెచ్చినప్పుడు అందులో సైన్యాల బలాబలాల లెక్క ఒకటుంది. దాదాపు అదే సమయంలో రష్యాలో ఒసిపోవ్ అనే అధికారీ విడిగా అదే చోటికి చేరాడు. అందరూ అందరినీ కొట్టగలిగే యుద్ధంలో ఒక దళం బలం దాని మనుషుల సంఖ్యకు కాదు, ఆ సంఖ్య వర్గానికి సమానం. అరవై మంది బలం 3600, నలభై మంది బలం 1600. చివరికి నలభై మందీ చచ్చేసరికి అటువైపు ఎంతమంది మిగులుతారంటే, 3600లోంచి 1600 తీసేసి వర్గమూలం కట్టాలి: సుమారు 45. అంటే పదిహేను మందిని పోగొట్టుకుని నలభై మందిని తుడిచిపెట్టేశారు. నైపుణ్యంలో ఎవరూ తీసిపోకపోయినా సరే.

కారణం తేలికే. పెద్ద గుంపులో ప్రతి మనిషికీ తగిలే దెబ్బలు తక్కువ, ఎందుకంటే అవి అరవై మందికి పంచబడతాయి. పైగా చిన్న గుంపులో ఒకడు పడిపోగానే ఎదుటివాళ్ల మీద పడే దెబ్బలు ఇంకా తగ్గుతాయి. ప్రతి చావూ తర్వాతి చావును తొందరపెడుతుంది.

ఈ సూత్రాన్ని తిరగేస్తే టెనాసిటీ లాంటి బఫ్‌కు కొలత దొరుకుతుంది. నలభై మందిని అరవైకి సమానం చేయాలంటే ఒక్కో మనిషి పోరాట విలువ రెండుంపావు రెట్లు పెరగాలి. మనిషి విలువ అంటే అతని హెల్త్‌ను అతను కొట్టే డ్యామేజ్‌తో హెచ్చవేసినది. కాబట్టి రెండూ చెరి ఒకటిన్నర రెట్లు చేస్తే సరిపోతుంది. పది మంది వందమందిని ఎదుర్కోవాలంటే రెండూ పదేసి రెట్లు కావాలి. కాగితం మీద చక్కగా కుదిరే ఈ లెక్క మైదానంలో మాత్రం ఎవరినీ సంతోషపెట్టదు. పదిరెట్ల దెబ్బ కొట్టేవాడి ఎదుట పడిన మామూలు ఆటగాడు కళ్లు తెరిచేలోపు నేల మీద ఉంటాడు. తన పక్షం వాళ్లు ఎక్కువైపోవడం అతను చేసిన తప్పు కాదు, ఆ శిక్ష మాత్రం అతనికి పడుతుంది. మరోవైపు, కదలకుండా కట్టిపడేసే మంత్రాలు హెల్త్ ఎంతున్నా ఒకేలా పనిచేస్తాయి. పదిమంది వంతులవారీగా కట్టిపడేస్తే రాక్షసుడూ రాయే. ఇరుకు వంతెన మీదో, కోట గుమ్మంలోనో ఒకరి తర్వాత ఒకరు తలపడాల్సి వస్తే వర్గాల లెక్కే చెల్లదని లాంచెస్టర్ స్వయంగా చెప్పాడు. అక్కడ సంఖ్యకు సంఖ్యే బలం. మంచి మ్యాప్ గీసేవాళ్లకు ఇది తెలుసు. గుమ్మాలు ఇరుకుగా కట్టడం కూడా తక్కువమందికి ఇచ్చే బహుమానమే, దానికి బఫ్ గుర్తు ఉండదంతే.

బలాన్ని బహుమతిగా ఇస్తే ఇంకో ముప్పు కూడా ఉంది. మనుషులు తగ్గేకొద్దీ మిగిలినవాళ్లు బలపడితే, బాగా ఆడే పదిమంది తమవైపు ఉన్న కొత్తవాళ్లను చూసి ‘మీరు వెళ్లిపోండి, మీవల్ల మా బఫ్ తగ్గుతోంది’ అనడం మొదలుపెడతారు. మనుషుల్ని పిలవడానికి పెట్టిన ఏర్పాటు మనుషుల్ని తరిమేస్తుంది.

2012 ఆగస్టులో వచ్చిన ‘గిల్డ్ వార్స్ 2’ ఈ గోతిలో పడకుండా జాగ్రత్తపడింది. అందులో మూడు సర్వర్లు వారం పొడవునా కోటల కోసం కొట్టుకునేవి. ఒక మ్యాప్‌లో ఏదైనా పక్షం బాగా తక్కువైతే దానికి ‘అవుట్‌నంబర్డ్’ అనే గుర్తు వెలుగుతుంది. ఆ గుర్తుతో కండబలం రవ్వంత కూడా పెరగదు. అనుభవ పాయింట్లు ఎక్కువ వస్తాయి, మంచి సామగ్రి దొరికే అవకాశం పెరుగుతుంది, చచ్చినా కవచం దెబ్బతినదు. చివరిది చిన్న విషయంలా కనబడుతుంది కానీ చాలా తెలివైనది. తక్కువమంది ఉన్నవాళ్లు ఎక్కువసార్లు చస్తారు, చచ్చిన ప్రతిసారీ మరమ్మతు ఖర్చు కూడా వాళ్లమీదే పడితే అది అన్యాయం మీద అన్యాయం. ఆ తర్వాత యుద్ధంలో గడిపిన సమయానికి పిప్‌ల రూపంలో జీతం లాంటిది మొదలుపెట్టారు, అవుట్‌నంబర్డ్ పక్షానికి అదనపు పిప్‌లు కలిపారు. ఫలితం ఊహించదగ్గదే. జనం లేని మ్యాప్‌కు వెళ్లి, ఒక మూల నిలబడి, అప్పుడప్పుడూ ఒక మీట నొక్కుతూ పిప్‌లు పోగేసుకునేవాళ్లు తయారయ్యారు. వాళ్లు లెక్కకు మైదానంలో ఉన్నట్టే. గోడ ఎక్కిన శత్రువును మాత్రం చూడరు.

బలం ఇవ్వకుండా ఫలితం పెంచే పద్ధతి తెలుగు ప్రేక్షకులకు కొత్తేమీ కాదు. 2014లో మొదలైన ప్రో కబడ్డీలో తెలుగు టైటాన్స్ మ్యాచ్ చూసినవాళ్లకు ‘సూపర్ టాకిల్’ తెలుసు. మ్యాట్ మీద ముగ్గురో అంతకంటే తక్కువమందో డిఫెండర్లు మిగిలి ఉండగా రైడర్‌ను పట్టేస్తే ఒక పాయింటు బదులు రెండు వస్తాయి. ఆ ముగ్గురి చేతులకు కొత్త బలం రాదు, పట్టుకు విలువ పెరుగుతుందంతే. మరి జట్లు కావాలని ముగ్గురికి ఎందుకు దిగజారవు? పక్కనే ఇంకో నిబంధన కాపలా కాస్తుంది కాబట్టి. ఆ ముగ్గురూ అవుటైతే జట్టంతా ఆలౌట్, లోనా కింద ప్రత్యర్థికి రెండు పాయింట్లు అదనం. తక్కువమంది కావడం వల్ల లాభం ఉంది, అది ప్రమాదాన్ని ఎదుర్కొని పని పూర్తిచేసినప్పుడే చేతికొస్తుంది. మూల నిలబడి పిప్‌లు పోగేసుకునేవాడికి ఈ ప్రమాదమే లేదు.

వార్‌క్రాఫ్ట్ వాళ్లు తాయిలం పెద్దది చేసి చూసిన సందర్భాలు రెండున్నాయి. ఒకటి 2010 డిసెంబరులో. ‘కేటక్లిజం’ విస్తరణతో వచ్చిన టోల్ బరాడ్ ద్వీపంలో ఈసారి రెండు వైపులా మనుషుల సంఖ్య సమానంగా ఉండేలా క్యూ పెట్టారు. అయితే దాడిచేసే పక్షం గెలవడం దాదాపు అసాధ్యంగా తయారైంది. ద్వీపం ఎవరి చేతిలో ఉంటే వాళ్ల దగ్గరే ఉండిపోయేది. దాడిచేసేవాళ్లకు హుషారు రావాలని గెలుపు బహుమానాన్ని 180 హానర్ నుంచి ఒక్కసారిగా 1800కు పెంచారు. కాపాడుకుంటే కొద్దిపాటి పాయింట్లు, గెలుచుకుంటే పదింతలు! ఆటగాళ్లకు లెక్క అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. ఈసారి మీరు తీసుకోండి, వచ్చేసారి మేము తీసుకుంటామని రెండు పక్షాలూ మాట్లాడుకోకుండానే రాజీకి వచ్చేశాయి. కాపాడాల్సినవాళ్లు పక్కకు తప్పుకుని ద్వీపాన్ని అప్పగించేవారు. పుట్టు శత్రువుల మధ్య ఇంతటి శాంతి ఆ ఆట చరిత్రలో లేదు. కొద్దిరోజుల్లోనే బ్లిజార్డ్ ఆ 1800ను 360కి దించేసింది.

రెండోది ఇంకా ముచ్చటైనది. 2018లో ‘బ్యాటిల్ ఫర్ అజరాత్’ విస్తరణతో పాటు ‘వార్ మోడ్’ అనే మీట వచ్చింది. నొక్కితే శత్రుపక్షం వాళ్లు ఎక్కడ కనబడినా కొట్టవచ్చు, కొట్టించుకోవచ్చు. నొక్కినందుకు పదిశాతం బోనస్. మీట నొక్కినవాళ్లలో హోర్డ్ చాలా ఎక్కువని తేలింది. ఆ డిసెంబరుకు తక్కువ ఉన్న పక్షానికి బోనస్‌ను ముప్పై శాతం దాకా పెంచారు. అది చాలదన్నట్టు ‘అగైనెస్ట్ ఓవర్‌వెల్మింగ్ ఆడ్స్’ అనే వారపు పని ఒకటి అలయన్స్ ముందు పెట్టారు. పాతికమంది హోర్డ్ ఆటగాళ్లను పడగొట్టండి, అప్పటి పెద్ద రెయిడ్‌లో (జట్టుగా కలిసి గెలవాల్సిన కష్టమైన దాడిలో) చెమటోడిస్తే గాని దొరకని స్థాయి కవచం పట్టుకుపోండి.

అలయన్స్ వచ్చింది. ఒంటరిగా రాలేదు, దండుగా వచ్చింది. మామూలుగా వార్ మోడ్ అంటే ముఖం తిప్పుకునేవాళ్లు కూడా గుంపులు కట్టి ఊళ్లమీద పడ్డారు. పాతికమంది లెక్క పూర్తికాగానే చాలామంది మీట ఆపేసి ఇళ్లకు వెళ్లిపోయారు. మధ్యలో దొరికిపోయిన హోర్డ్ వాళ్లు, తమకు ఆ కవచమూ రాదు, ప్రాణమూ దక్కదు కాబట్టి, వాళ్ల మీటా ఆపేశారు. తక్కువమంది ఉన్న పక్షానికి ఇచ్చిన తాయిలం ఆ రోజుల్లో, ఆ చోట్ల వాళ్లను ఎక్కువమందిని చేసింది, తాయిలం మాత్రం చేతిలో అలాగే ఉంది. ముప్పై శాతం బోనస్ సంగతి ఇంకోలా నడిచింది. దానికోసం మీట నొక్కి, శత్రువు నీడ కనబడగానే పారిపోయే అలయన్స్ వాళ్లకు లోటు లేదు. అంకెల్లో తూకం బాగుపడింది, యుద్ధం మాత్రం పెరగలేదు.

ఇలా ఒక అంచు నుంచి ఇంకో అంచుకు ఊగడానికి మూలం బహుమతి పరిమాణంలోనే లేదు, దాన్ని ఎప్పుడు సవరిస్తారన్నదానిలో కూడా ఉంది. 1994లో బ్రయన్ ఆర్థర్ అనే ఆర్థికవేత్త సాంతా ఫేలోని ఎల్ ఫరోల్ బార్‌ను ఉదాహరణగా తీసుకున్నాడు. ఊళ్లో వందమంది ఉన్నారు. అరవై కంటే తక్కువమంది వస్తే బార్‌లో సరదాగా ఉంటుంది, మించితే ఇరుకు. ఎవరొస్తారో అడగడానికి వీల్లేదు, పాతవారాల హాజరు చూసి ఊహించుకోవాలి. ఇందులోని గమ్మత్తు ఏమిటంటే, సరైన జోస్యం అంటూ ఉంటే అది వెంటనే తప్పయిపోతుంది. ఈవారం ఖాళీగా ఉంటుందని అందరూ నమ్మితే అందరూ వస్తారు. 1997లో డామియెన్ షాలే, యీ-చెంగ్ జాంగ్ అనే భౌతికశాస్త్రజ్ఞులు దీన్ని ఇంకా నూరి ‘మైనారిటీ గేమ్’ చేశారు. బేసి సంఖ్యలో ఆటగాళ్లు, ప్రతిసారీ రెండింటిలో ఒక వైపు ఎంచుకోవాలి, తక్కువమంది ఉన్న వైపే గెలుపు. ఆటగాళ్లందరూ ఒకే కొద్దిపాటి పాతచరిత్రను చూసి తెలివిగా నిర్ణయించుకుంటే గుంపు గుంపంతా ఒకే వైపు పరుగెడుతుంది. నాణెం ఎగరేసి ఎంచుకున్నదానికంటే ఎక్కువ ఊగిసలాట వస్తుంది. గతవారం జనాభా లెక్క చూసి ఈవారం బోనస్ ప్రకటించే ఆట సరిగ్గా ఈ పరిస్థితినే తయారుచేసుకుంటుంది.

ప్రకృతిలో కూడా అరుదైనవాడికి లాభం ఇచ్చే ఏర్పాట్లున్నాయి. ఆఫ్రికాలోని టాంగన్యీకా సరస్సులో ఇతర చేపల పొలుసులు కొరికి తినే ఒక చేప ఉంది. దాని నోరు పుట్టుకతోనే కొద్దిగా కుడికో ఎడమకో వంకర. ఒక వంకర చేప ఎరకు ఒక పక్కనుంచే దాడిచేయగలదు. జపాన్ శాస్త్రవేత్త మిచియో హోరి 1993లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, ఏ వంకర చేపలు ఎక్కువైతే ఎర చేపలు ఆ పక్కనే అప్రమత్తంగా ఉంటాయి, అరుదైన వంకర చేపలకు కడుపు నిండుతుంది. వాటి పిల్లలు పెరుగుతాయి, అరుదైనవి సామాన్యమవుతాయి. నిష్పత్తి సగానికి అటూ ఇటూ కొన్నేళ్లకోసారి ఊగుతూ ఉంటుంది. ఆడ, మగ పిల్లలు దాదాపు సమానంగా ఎందుకు పుడతారో రొనాల్డ్ ఫిషర్ 1930లో వివరించిన తీరు కూడా ఇదే కోవది. ఏ లింగం అరుదైతే దానికి జతలు తేలిగ్గా దొరుకుతాయి. వీటిలో బోనస్ ప్రకటించే అధికారి ఎవరూ లేరు. అరుదుగా ఉండడం వల్ల వచ్చే లాభం ఎదుటివాళ్ల సంఖ్య నుంచే పుడుతుంది, ఎదుటివాళ్లు తగ్గగానే తనంతట తానే అణగిపోతుంది.

ఆన్‌లైన్ ఆటల్లో దీనికి సాటి వచ్చేది ఒక్కటే ఉంది, అది క్యూ. బ్యాటిల్‌గ్రౌండ్ అనే చిన్న మైదానాల్లో రెండు పక్షాలకూ సమాన సంఖ్యలో మనుషుల్ని తీసుకుంటారు. ఎక్కువమంది ఉన్న పక్షం వరసలో నిలబడాలి, తక్కువ ఉన్నవాళ్లకు మీట నొక్కగానే ఆట మొదలవుతుంది. 2021లో ‘బర్నింగ్ క్రూసేడ్ క్లాసిక్’ నాటికి హోర్డ్ వాళ్లు ఒక్క మ్యాచ్ కోసం గంటకు పైగా ఎదురుచూసిన సందర్భాలున్నాయి. అలయన్స్ వాళ్లకు నిరీక్షణే లేదు. పాయింట్లకోసం ఆడేవాడికి ఇంతకన్నా పెద్ద తాయిలం ఏముంది? పక్షం మారితే సాయంత్రమంతా ఆడవచ్చు. అయితే కొత్త క్యారెక్టర్‌ను మళ్లీ పెంచాలి, స్నేహితుల్ని వదులుకోవాలి, ఓర్క్ శరీరాన్ని వదులుకోవాలి. అందువల్ల చాలామంది మారలేదు, క్యూలో నిలబడి తిట్టుకున్నారు. ఆ ఏడాదే బ్లిజార్డ్ హోర్డ్‌ను హోర్డ్‌తోనే తలపడనిచ్చే ప్రయోగం చేసింది, తర్వాత దాన్ని ఉంచేసింది. క్యూ కరిగిపోయింది. దాంతో పాటు అలయన్స్‌లో చేరడానికి మిగిలిన ఒక్క కారణమూ కరిగింది. 2015లో అసలు ఆటలో తెచ్చిన ‘మెర్సినరీ మోడ్’ ఈ విషయంలో మెరుగు. క్యూ మరీ పెరిగినప్పుడు హోర్డ్ ఆటగాడు ఆ ఒక్క మ్యాచ్‌కు అలయన్స్ వేషం వేసుకుని ఆడవచ్చు. పక్షం మారదు, స్నేహితులు పోరు, అవసరమున్న చోటికి మనిషి మాత్రం అందుతాడు.

ఇంకో దారి మూడో పక్షం. 2001 అక్టోబరులో వచ్చిన ‘డార్క్ ఏజ్ ఆఫ్ కేమలాట్’లో అల్బియన్, మిడ్‌గార్డ్, హైబర్నియా అని మూడు రాజ్యాలుండేవి. ఒకటి బలిస్తే మిగతా రెండూ కలిసి దాన్ని దించుతాయన్నది ఆశ. 2012 నవంబరులో మొదలైన ‘ప్లానెట్‌సైడ్ 2’ కూడా మూడు సామ్రాజ్యాలతోనే నడుస్తుంది. 2015 జనవరిలో ఒకే యుద్ధంలో 1158 మంది పాల్గొని గిన్నిస్ రికార్డుకెక్కిన ఆట అది. తక్కువమంది ఉన్న సామ్రాజ్యానికి అందులో అనుభవ పాయింట్ల బోనస్ ఉంది. ఏళ్ల తరబడి ఆడినవాళ్ల ఫిర్యాదు మాత్రం వేరు: మిగతా ఇద్దరూ కలిసి బలవంతుడి మీద పడాల్సింది పోయి బలహీనుడి మీదే పడతారు. అక్కడ కోటలు తేలిగ్గా పడతాయి, పాయింట్లు తేలిగ్గా రాలతాయి. మూడో పక్షం ఉన్నంత మాత్రాన న్యాయం జరగదు, బలవంతుడి మీద పడితేనే లాభమనిపించే ఏర్పాటు ఉండాలి. నింటెండో వాళ్లు ‘స్ప్లాటూన్ 3’లో ఈ పనిని ఆటగాళ్ల విజ్ఞతకు వదిలిపెట్టలేదు. 2022లో వచ్చిన ఆ ఆటలోని స్ప్లాట్‌ఫెస్ట్ పండుగల్లో మూడు జట్లుంటాయి. సగం పూర్తయ్యేసరికి ఎవరు ముందున్నారో వాళ్ల జట్టు నుంచి నలుగురు మైదానం నడుమ నిలబడి కాపాడుకోవాలి. మిగతా రెండు జట్ల నుంచి చెరి ఇద్దరు చెరో వైపు నుంచి మీదపడతారు.

చివరికి కొందరు ఈ ఊగిసలాటను భరించలేక గోడనే తగ్గించుకున్నారు. వార్‌క్రాఫ్ట్‌లోని కష్టమైన రెయిడ్‌లను ముందుగా గెలిచే గిల్డ్‌లు (ఆటగాళ్ల స్థిరమైన బృందాలు) ఒక్కటొక్కటిగా హోర్డ్‌కు మారిపోవడంతో అలయన్స్‌లో మంచి జట్టు దొరకడమే గగనమైంది. 2022 మే 31న వార్‌క్రాఫ్ట్‌లో రెండు పక్షాల వాళ్లూ కలిసి రెయిడ్‌లకు వెళ్లే వీలు వచ్చింది. 2023 మేలో ఒకే గిల్డ్‌లో ఇద్దరూ చేరవచ్చన్నారు. పద్దెనిమిదేళ్ల వైరం కథలో మిగిలింది గాని, సాయంత్రం జట్టు కట్టుకునేటప్పుడు అడ్డు రావడం మానేసింది.

అదే బ్లిజార్డ్ అదే ఏడాది నవంబరు 30న క్లాసిక్‌లో ‘సీజన్ ఆఫ్ డిస్కవరీ’ తెరిచినప్పుడు పూర్తిగా ఎదురు దారి పట్టింది. పక్షాల యుద్ధమే ముఖ్యమైన సర్వర్లలో తాయిలాల జోలికి పోకుండా గుమ్మం దగ్గరే తూకం పెట్టింది. ఒక పక్షం మించిపోతే ఆ వైపు కొత్త క్యారెక్టర్లు తయారుచేసుకోవడానికి వీలుండేది కాదు, రెండో వైపు నిండేదాకా ఆగాల్సి వచ్చేది. 2019 సర్వర్లు ఏకపక్షమైన తీరు చూసినవాళ్లకు ఇది తప్పనిసరి మందు అనిపించింది. ముగ్గురు స్నేహితుల్లో ఇద్దరు ముందురోజు హోర్డ్‌లో చేరి, మూడోవాడు ఉద్యోగం ముగించుకుని రాత్రి లాగిన్ అయ్యేసరికి హోర్డ్ మీట బూడిద రంగులో కనిపిస్తే మాత్రం చేదుగానే ఉంటుంది. అతను గుమ్మం తెరుచుకునేదాకా కాచుకోవాలి, లేదా ఆ ఇద్దరూ పెంచుకున్న క్యారెక్టర్లు పక్కనపెట్టి అలయన్స్‌లో మొదటి లెవెల్ నుంచి అతనితో కలిసి నడవాలి.